ఒక మూట, ఒక మంచం

కర్టెన్ వెనక్కి వెళ్ళిన కూతురు ఇంకా బయటికి రాలేదు. ఎంతసేపయిందో గోడ గడియారం చెబుతూనే ఉంది గానీ బయట కూర్చున్న తల్లికి దాని మీద నమ్మకం లేదు, ఇలాంటి చోట్ల గడియారాలకి మనుషుల తొందర పట్టదు, పన్నెండు నిమిషాలంటుంది అది, ఆమె ప్రాణానికి అరగంట. రక్తపోటు చూడ్డానికి రెండు నిమిషాలు, బరువు చూడ్డానికి ఒకటి, పొట్ట తడిమి బిడ్డ తల ఎటుందో చూడ్డానికి మహా అయితే ఐదు, మరి తక్కినదంతా ఏం చూస్తున్నట్టు, ఏదో కనబడే ఉంటుంది, కనబడకపోతే ఇంత నిశ్శబ్దం దేనికి, ఇందాక నర్సమ్మ గొంతు గలగలా వినిపించింది, ఇప్పుడు వినిపించడం లేదు, మంచి మాటైతే గట్టిగా చెబుతారు, చెడ్డ మాటకే గొంతు తగ్గిస్తారు, ఎక్కడైనా అంతే. ఆమె బల్ల అంచుకి జరిగి కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి, సంచి మీద కాగితం, కాగితం మీద పెన్ను, పెన్ను దొర్లిపోకుండా బొటనవేలు. లేతగులాబీ రంగు కాగితం, మడతపెట్టీ విప్పీ మధ్యలో గీత తెల్లబడిపోయింది. అందులో రాయాల్సినవి రెండే. కాన్పు ఎక్కడ, ఈ పురిటింట్లోనా, పెద్దాసుపత్రిలోనా, పక్కపక్కనే రెండు గళ్ళు, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. వాటి కింద ఒక గీత, కాన్పు సమయంలో పక్కన ఉండేవారి పేరు అని. పెద్దాసుపత్రి గడిలో టిక్కు పెడితే ఆ గీత ఖాళీగా వదిలెయ్యాలి, అక్కడ కాన్పుల గదిలోకి ఎవర్నీ రానివ్వరు. సాయంత్రం ఐదింటికల్లా కాగితం ఇక్కడైనా ఇచ్చెయ్యాలి, అక్కడి కిటికీలోనైనా ఇచ్చెయ్యాలి, తొమ్మిదో నెల వచ్చాక ఇంక పేర్లు రాసుకోరు. ఇప్పుడు మూడు దాటింది.

టిక్కు పెట్టాల్సింది ఆమె. అదే విడ్డూరం. కనేది కూతురు, పెట్టాల్సింది తను. లోపలికి పోతూ పోతూ కాగితం ఆమె ఒళ్ళో పడేసి, “నువ్వే పెట్టెయ్ అమ్మా, నేను బయటికొచ్చేసరికి. ఎక్కడ పెడితే అక్కడికే పోతా, కిక్కురుమనను” అంది కూతురు, కోపంగా కూడా కాదు, బరువు దింపుకున్నట్టు. మూడు నెలలుగా ఇంట్లో ఇదే గోల మరి. కూతురికి ఈ పురిటిల్లే కావాలి. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది, దానికి ఏదైనా కళ్ళ ముందు స్పష్టంగా కనబడాలి, ఇక్కడ రెండు మంచాలు, ఒక నర్సమ్మ, ఆవిడ చేతికింద ఇంకో చిన్న నర్సు, ఒక ఆయమ్మ, అంతా ముఖం తెలిసిన మనుషులు, ఇంటికీ దీనికీ మధ్య రెండు వీధులు. నాకు అక్కడ బెదురుగా ఉంటుందమ్మా అంది ఒకసారి పెద్దాసుపత్రి గురించి. బెదురేమిటే, అక్కడ డాక్టర్లుంటారు, కోత గది ఉంటుంది, సీసాల్లో రక్తం ఉంటుంది, గాజుపెట్టెలో పెట్టి పసిగుడ్లని బతికిస్తారు, ఇక్కడేముంది, వేడినీళ్ళూ ఓదార్పూ తప్ప అని తను. ఏదైనా తేడా వస్తే ఇరవై నిమిషాల్లో అక్కడికి చేరుస్తారు అని కూతురు. ఆ ఇరవై నిమిషాలు! వాటిని ఆమె ఎన్నిసార్లు ప్రయాణం చేసిందో, వంట చేస్తూ, జడ వేసుకుంటూ, బస్సులో కంబీ పట్టుకుని నిలబడి, ప్రతిసారీ రైలుగేటు పడింది, ప్రతిసారీ అంబులెన్స్ టైరు పంక్చరైంది, ఒకసారైతే డ్రైవరుకే గుండెనొప్పి వచ్చింది. ఆ మాట పైకి అంటే కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. “పాపం, ఆ డ్రైవర్ని మాత్రం వదిలెయ్ అమ్మా, పిల్లలు గలవాడై ఉంటాడు.” నవ్వొచ్చే మాటే, ఆమెకే రాలేదు. అల్లుడు లారీ మీద తిరిగే మనిషి, కాన్పు నాటికి ఎక్కడుంటాడో అతనికే తెలీదు, ఫోన్‌లో “అత్తయ్యా, మీకు తెలీనిదేముంది” అంటాడు. మొగుడు గోడౌన్ వాచ్‌మన్, తను పనికి బయల్దేరేటప్పుడు ఇంటికొస్తాడు, ఇద్దరూ కలిసేది గుమ్మంలో, తాళం చేతులు మారేటప్పుడు. అడిగింది, “ఏమంటావు, అక్కడా ఇక్కడా?” “నీకెలా తోస్తే అలా” అని దుప్పటి ముసుగు తన్నాడు. అందరూ పోయి పోయి ఆమె మీదే పెట్టారు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి మీద, గాలికి తలుపు కొట్టుకుంటే ఎవరో పోయారని లేచి కూర్చునే మనిషి మీద.

మొగుడు ముసుగు తన్నిన దుప్పటి గుర్తొస్తే ఎదురుగా ఉన్న కర్టెన్ కూడా దుప్పటే అని తోచింది. అవును, కర్టెన్ కాదది, పాత దుప్పటి, పై అంచు మడిచి కుట్టి తాడుకి ఎక్కించారు, పక్కనే ఆసుపత్రి దుప్పట్లకుండే ఆకుపచ్చ గీత, వెలిసి వెలిసి ఉందో లేదో అన్నట్టుంది. ఫ్యాను గాలికి అది ఉబ్బుతోంది, తగ్గుతోంది, ఉబ్బుతోంది. కింది మూల ఒకచోట బట్ట కొంచెం ముడతపడి బిగిసినట్టుంది. రఫూ చేశారక్కడ. నీలం దారంతో. తెల్ల దుప్పటికి నీలం దారంతో ఎవరైనా రఫూ చేస్తారా, తెల్లదారం అయిపోతే చేస్తారు, తెల్లదారం అయిపోయి, ఆ పని రేపటికి పెట్టడానికి మనసొప్పకపోతే చేస్తారు. ఆ రఫూ ఎవరిదో ఆమెకి తెలుసు. సూదిని వెనక్కి తిప్పి రెండుసార్లు ముడేసే అలవాటు తనది.

ఆమె పని పెద్దాసుపత్రిలోనే, నేలకింది అంతస్తులో, దుప్పట్లుతికే చోట. పందొమ్మిదేళ్ళు. పైన ఏ వార్డు ఏ వైపుందో అడిగితే చెప్పలేదు గానీ, మూట ముడి విప్పితే అది ఏ వార్డు మూటో చెబుతుంది, ఎముకల వార్డు మూటలో ఇసుకలా సున్నం రాలుతుంది, పిల్లల వార్డు మూటలో బిస్కెట్ ముక్కలూ, ఒకోసారి బొమ్మ కారు చక్రమూ. అందరూ మూటలమ్మ అంటారు. అక్కడ కట్టుబాటు ఒకటుంది, ఒక మూట అంటే ఒక మంచం. ఏ మంచం మీది బట్టలు ఆ మంచానివే ఒక మూటగా కట్టి కిందికి జారవిడవాలి, కలపకూడదు, కలిపితే పైనున్న పెద్ద నర్సు ఊరుకోదు, ఒకరి రోగం ఒకరికి అంటుతుందని. అందుకని మూట విప్పితే ఒక మనిషి. చెమట ఎక్కువ పోసిన మనిషి, నిద్రపోని మనిషి, రాత్రంతా ఒకే పక్కకి పడుకున్న మనిషి. చూడని ముఖాలు ఎన్నో ఆమెకి అలా తెలుసు. ఈ పురిటింట్లో ఉతికే యంత్రం లేదు, వీళ్ళ బట్టలు కూడా బుధవారం బుధవారం అక్కడికే వస్తాయి, చిన్న చిన్న మూటలు, ఎప్పుడొచ్చినా రెండో మూడో. మూడేళ్ళ కిందట ఒక బుధవారం ఒకే ఒక్క మూట వచ్చింది. పెద్దది. ఇద్దరు పట్టి దింపారు. విప్పితే పన్నెండు దుప్పట్లు, ఇన్ని గుడ్డపీలికలు, అన్నీ నెత్తురే, ఎండి గట్టిపడి, అట్టల్లా ఒకదానికొకటి అతుక్కుపోయి. పన్నెండు. ఒక మనిషి ఒంట్లో ఎంత రక్తముంటుందో ఆమెకి తెలీదు గానీ, పన్నెండు దుప్పట్లు తడిపాక ఇంకేమీ మిగలదని మాత్రం తెలుసు. మెషిన్లో వెయ్యబుద్ధి కాలేదు. అందరూ భోజనానికి వెళ్ళాక పెద్ద తొట్టిలో చన్నీళ్ళు నింపి, ఉప్పు వేసి, చేత్తో పిండింది, ఒకటొకటే. ఒకదాని మూల చిరిగి ఉంది, పళ్ళతో పట్టి లాగినట్టు. దాన్నే నీలం దారంతో రఫూ చేసింది.

ఎవర్నీ అడగలేదు. ఏమని అడుగుతుంది, ఆ ఆడమనిషి పోయిందా అనా. పోయి ఉంటుంది, దానికి అడగడమెందుకు. కానీ ఆ మనిషి పోలేదు, ఆమెతోనే ఉండిపోయింది. యంత్రాల హోరులో పక్కవాళ్ళు మాట్లాడింది చెవిన పడదు, అందుకే అక్కడ ఎవరూ మాట్లాడుకోరు, చేతి సైగలే, ఆ హోరులో ఆమె ఆ మనిషితో మాట్లాడటం మొదలుపెట్టింది, మనసులోనే. మొదట్లో ఏదో జాలి, తర్వాత అలవాటు. నీ బిడ్డ ఉందా, పోయిందా. ఆడపిల్లేనా. ఎవరు పెంచుతున్నారు. ఆ మనిషికి ముప్ఫై ఏళ్ళుంటాయని అనుకుంది, ఉంగరాల జుట్టు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ, అవన్నీ ఎక్కడినుంచి వచ్చాయో తెలీదు, వచ్చాయి. కూతురి పెళ్ళినాడు దండలు తెస్తానన్నవాళ్ళు ఆలస్యం చేస్తే ఆమెతోనే చెప్పుకుంది. మొగుడికి షుగరు తేలినప్పుడు ఆమెతోనే. కూతురికి నెల తప్పిందని తెలిసిన రోజు మడత బల్ల దగ్గర నిలబడి, మొట్టమొదట చెప్పింది ఆమెకే. నీలాగా కాకుండా చూడు తల్లీ అంది. మూడు నెలలుగా కూతురితో అంటున్నది ఈమె గురించే, అక్కడ ఒకామె పోయింది, నా చేతులతో ఉతికాను, నువ్వెన్నైనా చెప్పు అక్కడ ఒకామె పోయింది. కూతురు నర్సమ్మని అడుగుతానంటే వద్దంది. అడిగితే మాత్రం చెబుతారా. ఇప్పుడు ఆ దుప్పటే గుమ్మానికి వేలాడుతోంది, దాని వెనక తన కూతురు పడుకుని ఉంది. పరువు కోసమైనా ఆ దుప్పటిని పారెయ్యాలి కదా వీళ్ళు.

పళ్ళతో లాగినట్టు చిరిగిన మూల. తను కూడా అలాగే కరిచింది. ఇరవై ఆరేళ్ళ కిందట, పెద్దాసుపత్రిలో, ఏడో నంబరు మంచం. తెల్లారుజామున తీసుకెళ్ళి గేటు దగ్గర అత్తని ఆపేశారు, చెప్పులు కూడా అత్త చేతికే ఇచ్చేశారు. వరసగా పది మంచాలు, ఒక్కో మంచం మీద ఒక్కో కేక. పేరు ఎవరూ అడగలేదు. ఏడు అన్నారు. ఏడు, కాళ్ళు దగ్గర పెట్టకు. ఏడు, అరిస్తే ఊపిరి అందదు. చెడ్డగా అనలేదు వాళ్ళు, తిట్టలేదు, పాపం వాళ్ళకి మాత్రం పది మంది, ఇద్దరే మనుషులు. కప్పుకి ఒక ట్యూబులైటు, దానిలో ఒక చివర నల్లగా మాడి ఉంది, పధ్నాలుగు గంటలు ఆ మాడిన చివరే చూసింది. చెయ్యి పట్టుకోవడానికి ఏమీ లేక దుప్పటి అంచు పట్టుకుంది, తర్వాత నోట్లో పెట్టుకుంది. దాహం వేసి అడిగితే ఇస్తానన్న మనిషి మళ్ళీ రాలేదు. చివర్లో మాత్రం అందరూ ఒక్కసారి వచ్చారు, పేగు బిడ్డ మెడకి చుట్టుకుందట, రెండు చుట్లు, ఒక డాక్టరు మోచేతుల దాకా గ్లవుజులు తొడుక్కుంటూ పరిగెత్తి రావడం, ఏదో తళుక్కుమనడం, నీలంగా ఉన్న పిల్లని తలకిందులుగా పట్టుకోవడం, ఆ తర్వాత ఏడుపు. బతికించారు. వాళ్ళు బతికించకపోతే ఆ కర్టెన్ వెనక ఇవాళ ఎవరూ లేరు. అది మరిచిపోతే కళ్ళు పోతాయి. మరి ఈ నర్సమ్మ అయితే ఏం చేసేది, ఆ రెండు చుట్లు ఇక్కడే పడుంటే, ఈ వేడినీళ్ళూ ఓదార్పూ ఏం చేసేవి. కూతురు చిన్నప్పుడు అడిగేది, నేను పుట్టినప్పుడు నీ పక్కన ఎవరున్నారమ్మా అని. ఒక మంచి నర్సమ్మ ఉందే, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా చెయ్యి వదల్లేదు అని చెప్పేది. ఎందుకు చెప్పిందో. మొదటిసారి చెప్పింది పిల్ల కళ్ళు చూసి, తర్వాత అదే నిజమైపోయింది, నర్సమ్మ చేతికి వెండి గాజులుండేవని కూడా చెప్పింది ఒకసారి.

బకెట్ చప్పుడైంది. ఆయమ్మ గుడ్డ పిండి కిటికీ మీద ఆరేసి, చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి బల్ల రెండో చివర కూలబడింది, పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, కూర్చుంటే బల్ల ఆ పక్కకి ఒరిగింది.

“పెట్టారా టిక్కు?”

“ఇంకా లేదు.”

“ఈ బల్ల అరిగేది కనేవాళ్ళ వల్ల కాదక్కా, వాళ్ళ అమ్మల వల్ల. కనేవాళ్ళు లోపలికి పోయి పడుకుంటారు, అమ్మలు ఇక్కడ కూర్చుని బల్లని నమిలేస్తారు.”

ఆమె నవ్వడానికి చూసింది, పెదాలు సాగలేదు. కళ్ళు కర్టెన్ మీదే ఉన్నాయి, ఆ నీలం మీద. అడక్కూడదనుకుంది. అడిగి తెలుసుకుని ఏం చేస్తుంది, పోయిందనే చెబుతారు, లేకపోతే అబద్ధం చెబుతారు, రెండూ ఒకటే. నోరు మాత్రం దానంతటది కదిలింది. “ఆ దుప్పటి ఎప్పటిది ఆయమ్మా?”

“ఏది, ఇదా? ఏమో. చిరిగిందని మంచానికి తీసేసి ఇక్కడ కట్టాను. ఏం?”

“ఆ రఫూ నాది. నేను పెద్దాసుపత్రిలో ఉతికేచోట పని చేస్తాను. మూడేళ్ళ కిందట మీ దగ్గర్నించి ఒక మూట వచ్చింది. పన్నెండు దుప్పట్లు. ఒకే మూట. ఎవరామె?”

“ఎవరామె అంటే?”

“ఆ పోయినామె.”

ఆయమ్మ ఆమె వైపు పూర్తిగా తిరిగింది. కళ్ళు చిట్లించి, ఏదో లెక్క తీస్తున్నట్టు పైకి చూసి, తొడ మీద ఒక్కటి చరుచుకుంది. “ఓరి దేవుడా, ఆ రోజా! నలుగురక్కా ఆ రోజు! పొద్దున్న ఆరింటికి మొదలైంది, దీపాలు పెట్టే వేళకి నలుగురు. ఇద్దరికి మంచాలున్నాయి, ఒకామెకి నర్సమ్మ పడుకునే మంచం ఇచ్చాం, నాలుగో ఆవిడ అదిగో, ఆ గుమ్మంలోనే, చాప వేసేదాకా కూడా ఆగలేదు. బట్టలన్నీ అయిపోయాయి, మా ఇంటినుంచి రెండు పాత చీరలు తెచ్చాను. మూట కట్టడానికి విడివిడిగా గుడ్డలెక్కడివి, అంతా కలిపి ఒకటే కట్టి పడేశా. మీవాళ్ళు ఎంత తిట్టుకున్నారో అనుకున్నా తర్వాత.”

“నలుగురా?”

“నలుగురు. ఐదుగురు పిల్లలు, ఒకామెకి కవలలు. ఆ గుమ్మంలో పుట్టినవాడు లేడూ, టైర్ల కొట్టాయన కొడుకు, మొన్న రాయి విసిరి మా కిటికీ అద్దమే పగలగొట్టాడు. ఇక్కడ పుట్టానని విశ్వాసం ఉండక్కర్లా!” ఆయమ్మ పకపకా నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది. “ఏమైందక్కా?”

ఏమీ కాలేదు. అసలు ఏమీ కాలేదు, అదే. ఒక మూట అంటే ఒక మంచం, ఒక మంచమంటే ఒక మనిషి, పందొమ్మిదేళ్ళుగా చేతులకి పట్టిన లెక్క, ఆ లెక్క ఇక్కడికి వర్తించదని ఎవరు చెప్పారు తనకి, ఎవర్ని అడిగింది గనక. నలుగురి నెత్తురు కలిపి ఒక్కరి ఒంట్లో పోసింది తను. పోసి, ఆ ఒక్కర్నీ చంపేసింది. ఉంగరాల జుట్టు లేదు. ఎడమ చేతి మీద మచ్చ లేదు. హమ్మయ్య అనుకోవాలి, ఎవరూ పోలేదు, ఒక తల్లి పోలేదు, సంతోషించాలి, కానీ ఆమెకి గుండెలో ఒక పక్క సంతోషం ఎక్కడానికి చూస్తుంటే ఇంకో పక్క ఏదో ఖాళీ అయిపోతోంది, ఇంట్లోంచి మనిషి లేచి చెప్పకుండా వెళ్ళిపోయినట్టు. రేపు మడత బల్ల దగ్గర నిలబడితే ఎవరితో మాట్లాడుతుంది. ఇన్నాళ్ళూ చెప్పుకున్నవన్నీ ఎవరు విన్నారు. కూతురి పెళ్ళి, షుగరు, నెల తప్పిన సంగతి, అన్నీ గోడకి చెప్పుకున్నట్టేనా. లేని మనిషి కోసం ఏడవడం సిగ్గని తెలుసు, అయినా కళ్ళు నిండాయి, ఆయమ్మ అది వేరేలా అర్థం చేసుకుని భుజం తట్టింది.

“ఊరుకోండక్కా. ఉన్నమాట చెబుతున్నా, పదకొండేళ్ళలో ఇక్కడ ఏ తల్లీ పోలేదు. ఒక బిడ్డ పోయింది. దాచి నాకేం వస్తుంది. నర్సమ్మ గుండె చప్పుడు తేడాగా ఉందని వెంటనే పంపించింది, దారిలో ఏమీ ఆలస్యం కాలేదు, అక్కడా చేతనైనంత చేశారు. దక్కలేదు. నర్సమ్మ నెల రోజులు అన్నం సరిగా తినలేదు.” కొంగు దులుపుకుని అంది, “ఆ తల్లి తర్వాత మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ఎందుకొచ్చావమ్మా అని నేనే అడిగా. ఆ రోజు బండిలో దారంతా నర్సమ్మ నా చెయ్యి పట్టుకునుంది, ఆ చెయ్యి కోసం వచ్చానంది.” ఎవరో పిలిస్తే ఆయమ్మ లేచి వెళ్ళింది. బల్ల మళ్ళీ ఆమె వైపు ఒరిగింది.

ఇప్పుడెలా. మూడేళ్ళుగా ఆనుకున్న గోడ కూలిపోయింది, భయం మాత్రం కూలలేదు, అది అప్పుడే ఇంకో గోడ వెతుక్కుంది, ఒక బిడ్డ. పదకొండేళ్ళలో ఒక్కటే, కానీ ఆ రెండోది తన కూతురి బిడ్డే కాకూడదని ఎక్కడ రాసుంది. పెద్దాసుపత్రిలో ఎన్ని, అది ఎవర్నీ అడగలేదు, అక్కడి మూటల్లో ఎన్ని విప్పిందో, ఎన్నిటికి ఏమీ అనుకోకుండా సబ్బు వేసిందో. పెన్ను తీసింది. పెద్దాసుపత్రి గడి మీద మొన ఆనించింది. ఇలా గీస్తే అయిపోతుంది, డాక్టర్లు, రక్తం, గాజుపెట్టె, కూతురు కిక్కురుమనదు, మాటిచ్చింది. ఆ మాట ఇచ్చినందుకే చెయ్యి కదల్లేదు. ఏడు, అరవకు. ఏడు కాదు, ఇప్పుడు ఏ నంబరో, ట్యూబులైట్లు మారిపోయుంటాయి, ఎవరో ఒకరు మాడిన చివర చూస్తూ పడుకునే ఉంటారు.

కర్టెన్ ఉబ్బింది. లోపలినుంచి నర్సమ్మ గొంతు. “అన్నీ బాగున్నాయి తల్లీ, తల కిందికే ఉంది, చక్కగా. ఇంక నువ్వు ఏడవకు, ఏంటిది. ఎవరేమన్నారు?”

కూతురి గొంతు సరిగా వినబడలేదు. ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

“ఎవరూ ఏమీ అనలేదు. నాకు భయంగా ఉంటోంది నర్సమ్మా. పడుకుంటే చచ్చిపోతానేమో అనిపిస్తుంది.”

“అందరికీ ఉంటుందమ్మా. మీ అమ్మతో చెప్పుకోకపోయావా?”

“అమ్మతోనా!” ఏడుపులోంచి చిన్న నవ్వు. “అమ్మ ముందు అంటే అమ్మ పడిపోతుంది. ఇంట్లో భయమంతా ఆవిడే పడుతోంది, నాకు మిగల్లేదు. మీరు చెప్పకండి, ప్లీజ్.”

ఆమె గడి మీంచి పెన్ను తీసేసింది. రైలుగేటు గురించి చెప్పింది కూతురికి, టైరు గురించి, డ్రైవరు గుండె గురించి, పన్నెండు దుప్పట్ల గురించి, మూడు నెలలుగా చెప్పిందే చెప్పి, ఒక్కసారైనా నీకెలా ఉందే అని అడిగిందా. అడగలేదు. అడిగిందల్లా నీళ్ళు తాగావా, మందు వేసుకున్నావా, కాళ్ళు వాచాయా. నవ్వేది కూతురు, పొట్ట పట్టుకుని నవ్వేది, ఆ నవ్వు చూసి దీనికేమీ పట్టదు, దీని బదులు కూడా నేనే భయపడాలి అనుకుంది. రెండు గదుల ఇంట్లో గోడకి అటు అది, గోడకి ఇటు తను, ఇద్దరూ కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నారన్నమాట ఇన్ని రాత్రులు, ఎవరి కప్పు వాళ్ళు చూస్తూ. తను లేని మనిషితో చెప్పుకుంది, అది నర్సమ్మతో చెప్పుకుంటోంది.

కర్టెన్ తొలగింది. కూతురు ముఖం కడుక్కుని వచ్చింది, చెంపల దగ్గర వెంట్రుకలు తడిగా అంటుకున్నాయి, నవ్వు ముఖం తగిలించుకుని ఉంది, పొట్ట మీద చెయ్యి. “అంతా బాగుందట. పెట్టావా?”

“కూర్చో” అని ఆమె జరిగింది. కూతురు బరువుగా కూర్చుంది, బల్ల ఇప్పుడు ఎటూ ఒరగలేదు. గళ్ళు రెండూ ఖాళీగా ఉండటం చూసి కూతురు నిట్టూర్చింది, ఏదో అనబోయింది, ఆమె ముందే అడిగేసింది.

“నీకు భయంగా ఉందా?”

కూతురు చప్పున కర్టెన్ వైపు చూసింది, మళ్ళీ తల్లి వైపు. అబ్బే అనడానికి నోరు తెరిచింది. ఆమె ఎదురుచూసింది, మధ్యలో మాట అందించకుండా, నీళ్ళు తాగుతావా అనకుండా. అది చాలా కష్టమైంది. చాలాసేపటికి కూతురు తల ఊపింది, చిన్నప్పుడు తప్పు ఒప్పుకునేటప్పుడు ఊపినట్టు.

“ఎక్కడైతే తక్కువ?”

“ఇక్కడ.” తర్వాత, ఇంకా మెల్లిగా, “నువ్వు పక్కనుంటే. నువ్వు భయపడుతూ ఉన్నా పర్లేదు. ఉండు, చాలు.”

ఆమె పెన్ను కూతురి చేతిలో పెట్టింది. కూతురు పురిటింటి గడిలో టిక్కు పెట్టింది, చిన్నది, వంకరగా. పెట్టగానే రైలుగేటు పడింది, రెండు చుట్లు బిగిశాయి, అన్నీ వరసగా వచ్చాయి, ఒక్కటీ తప్పలేదు. రానీ అనుకుంది. వస్తాయి, ఎక్కడికి పోతాయి. ఫ్యాను కింద నీలం రఫూ కొంచెం పైకి లేచి మళ్ళీ కిందికి పడింది, అది ఎవరి పళ్ళు లాగిన చిరుగో, ఆ నలుగురిలో ఎవరిదో, బతికే ఉండి ఎక్కడో ఈ వేళ టీ కాచుకుంటూ ఉంటుంది, ఆమెకి తన సంగతులేవీ తెలీవు.

“అమ్మా” అంది కూతురు, కాగితం మీదున్న గీత చూస్తూ. “నేను పుట్టినప్పుడు ఆ నర్సమ్మ నీ పక్కనే ఉండబట్టి సరిపోయింది కదా. వెండి గాజులావిడ. నేను కూడా నీ చెయ్యి అలాగే పట్టుకుంటా, విరిగిపోతుందేమో చూసుకో.”

ఎప్పుడూ చెప్పే మాట నాలుక చివరికి వచ్చేసింది, వదిలేదే కాదే నా చెయ్యి. నాలుక మీదే ఆగింది.

“నర్సమ్మ లేదు” అంది. “ఎవరూ లేరు. దుప్పటి అంచు పట్టుకున్నా.”

ఎప్పుడు, ఎందుకు, మరి అన్నిసార్లూ అలా ఎందుకు చెప్పావు, ఏదీ అడగలేదు కూతురు. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. కాగితం తల్లి మోకాలి మీదికి జరిపి, పెన్ను మళ్ళీ ఆమె చేతికిచ్చి, ఎక్కడ రాయాలో తెలియడానికి గీత పక్కన వేలు పెట్టింది. ఆమె తన పేరు రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు పెద్దవయ్యాయి, గీత దాటిపోయాయి, పేరంతా అయ్యేదాకా కూతురి వేలు అక్కడే ఉంది.